ఒక్క క్లాసే ఉన్నప్పుడు ఇంటర్‌ఫేస్ ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది, జావాలో పని చేస్తున్నారు. ప్రతి సర్వీస్‌కీ ఒక ఇంటర్‌ఫేస్ (ఏయే మెథడ్స్ ఉండాలో మాత్రం చెప్పే ఒప్పందం) రాసి, దాని వెనక ఆ మెథడ్స్‌ని నిజంగా రాసే, అంటే ఇంప్లిమెంట్ చేసే, క్లాస్ ఒకటి ‘ఇంప్ల్’ అని తోక తగిలించి పెట్టాలని మీ లీడ్ చెబుతున్నారు. రిపోర్ట్‌సర్వీస్, రిపోర్ట్‌సర్వీస్‌ఇంప్ల్. మెయిల్‌సర్వీస్, మెయిల్‌సర్వీస్‌ఇంప్ల్. ఒక మెథడ్‌కి పారామీటర్ కలపాలంటే రెండు ఫైళ్లు తెరవాల్సి వస్తోంది, లాభం ఒక్కటీ కనిపించడం లేదు. “నేరుగా క్లాస్ రాస్తే పనైపోతుంది కదా, ఇంటర్‌ఫేస్ నిజంగా ఎప్పుడు కావాలి, అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కీ దానికీ తేడా ఏమిటి” అని అడిగారు.

మీ అనుమానం సరైనదే. పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఇంటర్‌ఫేస్ లేకపోవడం వల్ల పడిన ఇబ్బందికంటే, తప్పు చోట రాసిన ఇంటర్‌ఫేస్ వల్ల పడిన ఇబ్బందే ఎక్కువ చూశాను. అలాగని ఇంటర్‌ఫేస్ అనవసరమని అనుకోకండి. సరైన చోట ఒక్కటి పడితే నెలల పని తప్పుతుంది. ఆ సరైన చోటు ఏదో తెలుసుకోవడమే అసలు సంగతి.

ముందు ఇంటర్వ్యూల కోసం మనమంతా బట్టీ పట్టిన రెండు జవాబుల గురించి. అమీర్‌పేటలో చేతులు మారే జిరాక్స్ నోట్స్‌లో ఇవి తప్పకుండా ఉంటాయి. “ఇంటర్‌ఫేస్ అంటే నూటికి నూరు శాతం అబ్‌స్ట్రాక్షన్.” “జావాలో మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ లేదు కాబట్టి దాని బదులు ఇంటర్‌ఫేస్ పెట్టారు.” మొదటిది 2014లో జావా 8 వచ్చిన రోజునే పాతబడింది. అప్పటినుంచి ఇంటర్‌ఫేస్‌లో బాడీ ఉన్న మెథడ్స్ రాయొచ్చు, వాటిని డీఫాల్ట్ మెథడ్స్ అంటారు. 2017లో జావా 9తో ప్రైవేట్ మెథడ్స్ కూడా వచ్చాయి. రెండో జవాబు తప్పు కాదు, ఒక క్లాస్ ఎన్ని ఇంటర్‌ఫేస్‌లనైనా ఇంప్లిమెంట్ చేయగలదు. కానీ అది భాషలో ఉన్న వీలు గురించి చెబుతుంది, మీరు ఎప్పుడు రాయాలో చెప్పదు. టీవీ రిమోట్ ఉదాహరణ కూడా నాకు నచ్చదు. లోపల ఏముందో తెలియకుండా బటన్ నొక్కొచ్చు అన్నంతవరకు అది బాగానే ఉంటుంది. కానీ ఆ పని మామూలు క్లాస్‌లో పబ్లిక్, ప్రైవేట్ అన్న రెండు మాటలతోనే అయిపోతుంది. దానికి ఇంటర్‌ఫేస్ ఎందుకు?

నా అనుభవంలో తేలింది ఇది. ఇంటర్‌ఫేస్ ఎలా ఉండాలో నిర్ణయించాల్సింది దాన్ని పిలిచే కోడ్. ఇంప్లిమెంట్ చేసే క్లాస్‌ని చూసి రాస్తే అది ఆ క్లాస్‌కి నకలు అవుతుంది. నకలు వల్ల మీకు రెండు ఫైళ్ల శ్రమే మిగులుతుంది, ఇప్పుడు మీకు జరుగుతున్నది అదే. ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను.

2019లో మా టీమ్ ఒక క్లినిక్‌ల గొలుసుకి అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ రాసింది. పేషెంట్‌కి లాగిన్ ఓటీపీ వెళ్లాలి, ముందురోజు సాయంత్రం గుర్తు చేసే మెసేజ్ వెళ్లాలి, ల్యాబ్ రిపోర్ట్ రాగానే ఇంకో మెసేజ్ వెళ్లాలి. ఎస్ఎంఎస్ పంపడానికి బయటి కంపెనీ ఒకదాన్ని తీసుకున్నాం. ఆ కంపెనీని రేపు మార్చాల్సి రావచ్చని తెలుసు కాబట్టి ఇంటర్‌ఫేస్ కూడా రాశాం. ఇక్కడ కోడ్‌ని తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, ఆకారం చూస్తే చాలు:

ఇంటర్‌ఫేస్ ఎస్ఎంఎస్_గేట్‌వే {
    పంపు(నంబర్, టెక్స్ట్, సెండర్_ఐడీ, రూట్);
}

ఆ నాలుగు పారామీటర్లు ఎక్కడివి? ఆ కంపెనీ ఇచ్చిన ఏపీఐ (వాళ్ల సేవని మన కోడ్ నుంచి పిలిచే పద్ధతి) డాక్యుమెంట్‌లోవి. వాళ్ల మెథడ్‌ని చూసి మేము ఇంటర్‌ఫేస్ రాశాం. కోడ్ రివ్యూలో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. చూడటానికి అంతా పద్ధతిగానే ఉంది.

2021 మార్చి వచ్చింది. వ్యాపార సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌లలో సెండర్ పేరునీ, మెసేజ్ నమూనానీ టెలికాం కంపెనీల దగ్గర ముందే రిజిస్టర్ చేయించాలన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన 2018 నుంచే ఉంది. 2021 మార్చి 8న టెలికాం కంపెనీలు ఆ నిబంధనని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టాయి. రిజిస్టర్ కాని నమూనాతో వచ్చిన మెసేజ్‌లు ఆగిపోయాయి. దేశమంతా బ్యాంకుల ఓటీపీలు కూడా అందలేదు, మరుసటి రోజే ట్రాయ్ ఆ తనిఖీని ఒక వారం ఆపించాల్సి వచ్చింది. ఆ వారంలో ప్రతి మెసేజ్‌కీ మా తరఫున టెంప్లేట్ ఐడీ, అంటే రిజిస్టర్ చేసిన నమూనా నంబర్, జత చేయాలి. పంపే టెక్స్ట్ ఆ టెంప్లేట్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

టెక్స్ట్ ఎక్కడ తయారవుతోందో చూస్తే నలభైకి పైగా చోట్ల. ‘పంపు’ని పిలిచే ప్రతి చోటా వాక్యం అక్కడికక్కడే అతికించి ఉంది. లాగిన్‌లో “మీ కోడ్ ఇది” అని ఒక వాక్యం, పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు కొంచెం తేడాతో ఇంకో వాక్యం. ఇంటర్‌ఫేస్ ఉంది, అయినా నలభై ఫైళ్లు మార్చాం. క్లినిక్ కౌంటర్ దగ్గర ఓటీపీ రాక పేషెంట్లు నిలబడి ఉన్నారని మొదటి రోజు వచ్చిన ఫోన్లు ఇంకా చెవుల్లో మోగుతుంటే, టెన్షన్‌లో ఒక్కో ఫైల్ తెరిచి టెంప్లేట్ ఐడీ చేర్చుకుంటూ పోయాం. ఆ వారం రాత్రుళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని, పిలిచే కోడ్‌కి అసలు ఏం కావాలని అడిగాం. లాగిన్ కోడ్‌కి ఎస్ఎంఎస్ గురించి తెలియాల్సిన అవసరమే లేదు. “ఈ పేషెంట్‌కి ఈ ఓటీపీ చేరాలి”, అంతే. రూట్, సెండర్ ఐడీ దానికి సంబంధం లేనివి. అలా వచ్చింది ఇది:

ఇంటర్‌ఫేస్ పేషెంట్‌కి_కబురు {
    ఓటీపీ_పంపు(పేషెంట్, కోడ్);
    అపాయింట్‌మెంట్_గుర్తు_చేయి(అపాయింట్‌మెంట్);
    రిపోర్ట్_వచ్చిందని_చెప్పు(పేషెంట్, రిపోర్ట్);
}

టెంప్లేట్‌లు, ఐడీలు, పంపే కంపెనీ ఏపీఐ అన్నీ దీన్ని ఇంప్లిమెంట్ చేసే ఒక్క క్లాస్‌లోకి వెళ్లిపోయాయి. తర్వాత గుర్తు చేసే మెసేజ్‌లని వాట్సాప్‌లో పంపాలన్నప్పుడు ఆ క్లాస్ పక్కన ఇంకో క్లాస్ వచ్చింది. అపాయింట్‌మెంట్ కోడ్‌లో ఒక్క లైన్ మారలేదు.

ఈ రెండు ఇంటర్‌ఫేస్‌లనీ పక్కపక్కన పెట్టి చూడండి. భాష ప్రకారం రెండూ ఒకే రకం. మొదటిది ఎస్ఎంఎస్ అమ్మే కంపెనీ మాటల్లో ఉంది, రెండోది క్లినిక్ మాటల్లో ఉంది. మీరు ఇంటర్‌ఫేస్ రాసేటప్పుడు మెథడ్ పేర్లని బయటికి చదవండి. అందులో పిలిచేవాళ్లకి అక్కర్లేని మాట ఏదైనా వినిపిస్తే, అది ఇంప్లిమెంటేషన్ నుంచి కారి వచ్చిందన్నమాట. పారామీటర్లే కాదు, ఎక్సెప్షన్లు కూడా ఇలాగే కారతాయి. ‘డాక్యుమెంట్_దాచు’ అన్న మెథడ్ ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ విసురుతుందని ఇంటర్‌ఫేస్‌లోనే రాస్తే, వెనక డేటాబేస్ ఉందని ఊరంతా చాటినట్టే. రేపు ఆ డాక్యుమెంట్లని క్లౌడ్ స్టోరేజ్‌లో పెడితే ఆ ఎక్సెప్షన్‌కి అర్థం ఉండదు.

టెస్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత కోడ్‌తో లాగిన్ టెస్ట్ చేయాలంటే నిజం ఎస్ఎంఎస్ వెళ్లేది, డబ్బులు ఖర్చయ్యేవి, మా టెస్టర్ ఫోన్ రోజంతా మోగేది. కొత్త ఇంటర్‌ఫేస్‌కి ఇరవై లైన్లలో ఒక ఉత్తుత్తి క్లాస్ రాశాం. అది ఏ పేషెంట్‌కి ఏ కోడ్ వచ్చిందో ఒక లిస్ట్‌లో దాచుకుంటుంది, టెస్ట్ ఆ లిస్ట్ చూసి సరిపోల్చుకుంటుంది. ఇలాంటి ఉత్తుత్తి ఆబ్జెక్ట్‌లని వాటంతట అవే తయారుచేసే మాక్ లైబ్రరీలు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, మామూలు క్లాస్‌నీ మాక్ చేస్తాయి. అయినా మనం రాసుకున్న చిన్న ఉత్తుత్తి క్లాస్ చదవడానికి తేలిక, పది టెస్టుల్లో వాడుకోవచ్చు. అది రాయడం కష్టమైందంటే ఇంటర్‌ఫేస్ మరీ పెద్దదైందని కూడా అర్థం.

మీరు రోజూ వాడుతూ గమనించని మంచి ఉదాహరణ జేడీబీసీ, జావా కోడ్ డేటాబేస్‌తో మాట్లాడే దారి. 1997లో జేడీకే 1.1తో వచ్చింది. అందులో కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ అన్నీ ఇంటర్‌ఫేస్‌లే. వాటి వెనక ఉండే క్లాసులని మైఎస్‌క్యూఎల్ వాళ్లు, ఒరాకిల్ వాళ్లు, పోస్ట్‌గ్రెస్ వాళ్లు తమ తమ డ్రైవర్లలో రాసుకుంటారు. మీ కోడ్‌లో ఆ క్లాసుల పేర్లు కనిపించవు. మీరూ, ఆ డ్రైవర్ రాసినవాళ్లూ ఎప్పుడూ కలుసుకోలేదు, ఒకరి కోడ్ ఒకరు చూడలేదు, అయినా రెండూ కలిసి నడుస్తున్నాయి. ఇంటర్‌ఫేస్ అసలు బలం అక్కడ ఉంది. ఎస్‌క్యూఎల్ యాసలు మాత్రం ఒక్కో డేటాబేస్‌కి ఒక్కోలా ఉంటాయి, వాటిని జేడీబీసీ పూర్తిగా దాచలేదు. కాబట్టి జేడీబీసీ ఉందని డేటాబేస్ మార్పు ఒక్కరోజు పని అనుకోకండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే విషయం. ఇంటర్‌ఫేస్ అంటే మెథడ్ పేర్ల పట్టిక మాత్రమే అనుకుంటారు. కంపైలర్ చూసేది ఆ పట్టికనే, నిజమే. కానీ ఒప్పందంలో కంపైలర్‌కి కనిపించని భాగం ఇంకా పెద్దది. సార్ట్ చేసేటప్పుడు వరుస నిర్ణయించే కంపారేటర్ ఇంటర్‌ఫేస్ తీసుకోండి. ఇంప్లిమెంట్ చేయాల్సింది ఒక్క మెథడే: రెండు వస్తువులిస్తే ఏది ముందో చెప్పాలి. చాలామంది మొదటి సంఖ్యలోంచి రెండోది తీసేసి ఆ తేడాని తిరిగిస్తారు. చిన్న సంఖ్యలకి బాగానే నడుస్తుంది. ఒకటి 200 కోట్లు, ఇంకోటి మైనస్ 200 కోట్లు అయితే తేడా ఇంట్‌లో పట్టదు, రుణ సంఖ్యగా తిరిగొస్తుంది, పెద్దది చిన్నదైపోతుంది. కంపైల్ అవుతుంది, కానీ ఒప్పందం తప్పింది. 2011లో వచ్చిన జావా 7 నుంచి ఆబ్జెక్ట్‌లని సార్ట్ చేసే పద్ధతి మారింది. మీ కంపారేటర్ మాట నిలకడగా లేదని అది పసిగడితే, పోలిక మెథడ్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందంటూ ఎక్సెప్షన్ విసురుతుంది. అది ప్రతిసారీ పసిగట్టదు, అందుకే మీ మెషిన్‌లో నడిచిన కోడ్ ప్రొడక్షన్‌లో ఎప్పుడో ఒకరోజు పడిపోతుంది. తేడా తీయకుండా ఇంటీజర్ క్లాస్‌లో ఉన్న కంపేర్ మెథడ్ వాడండి.

దశాంశాలని కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్ క్లాస్ ఇంకో చిక్కు. 2.0, 2.00 అన్న రెండింటినీ ఈక్వల్స్‌తో పోలిస్తే వేరు వేరు అంటుంది, కంపేర్‌టు సమానమంటుంది. రెండింటినీ హ్యాష్‌సెట్‌లో వేస్తే రెండూ ఉంటాయి, ట్రీసెట్‌లో వేస్తే ఒకటే మిగులుతుంది. రెండూ ‘సెట్’ ఇంటర్‌ఫేస్‌నే ఇంప్లిమెంట్ చేస్తున్నాయి! బిల్లింగ్ కోడ్ రాస్తుంటే ఇది తప్పక గుర్తుంచుకోండి. అలాగే అరేస్ క్లాస్‌లోని యాజ్‌లిస్ట్ మెథడ్ ఇచ్చేది కూడా ‘లిస్ట్’ ఇంటర్‌ఫేసే, కానీ దానికి కొత్తది కలపబోతే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. ‘లిస్ట్’లో యాడ్ ఐచ్ఛికం అని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంటుంది. రాసి ఉన్నా సరే, ఇది మంచి డిజైన్ కాదని నా అభిప్రాయం. చదవడానికి ఒక ఇంటర్‌ఫేస్, మార్చడానికి ఒకటి విడిగా ఉంటే ఈ తప్పు కంపైలరే పట్టేది.

అందుకని మీరు ఇంటర్‌ఫేస్ రాసినప్పుడు ప్రతి మెథడ్ మీదా రెండు మూడు వాక్యాల కామెంట్ రాయండి. నల్ ఇవ్వొచ్చా? దొరక్కపోతే ఏమొస్తుంది? రెండుసార్లు పిలిస్తే రెండుసార్లు జరుగుతుందా? పేషెంట్‌కి కబురు పంపే ఇంటర్‌ఫేస్‌లో ఈ చివరి ప్రశ్నకి జవాబు మేం రాయలేదు, కొందరికి ఒకే రిమైండర్ రెండేసిసార్లు వెళ్లింది. క్లాస్‌లో ఇలాంటి సందేహం వస్తే లోపలి కోడ్ చదివి తెలుసుకోవచ్చు. ఇంటర్‌ఫేస్‌కి లోపల అంటూ ఉండదు, రాసిన మాటే ఆధారం.

ఇంటర్‌ఫేస్ ఒకసారి బయటివాళ్ల చేతికి వెళ్లాక మార్చడం ఎంత కష్టమో చెప్పడానికి జావా చరిత్రే చాలు. జావా 8లో స్ట్రీమ్స్ (లిస్ట్ లాంటి వాటిలోని వస్తువులని వరుసగా వడకట్టి, మార్చే సౌకర్యం) తేవాలంటే కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌లో కొత్త మెథడ్ పెట్టాలి. మామూలుగా పెడితే, దాన్ని ఇంప్లిమెంట్ చేసిన ప్రపంచంలోని ప్రతి క్లాస్ కంపైల్ కాకుండా పోతుంది. అందుకోసమే డీఫాల్ట్ మెథడ్స్ అన్న సౌకర్యం భాషలోకి వచ్చింది. అంతకుముందు జావా 7లో కనెక్షన్ ఇంటర్‌ఫేస్‌కి అబార్ట్, సెట్‌స్కీమా లాంటి మెథడ్స్ చేర్చినప్పుడు ఆ సౌకర్యం లేదు, కనెక్షన్‌ని సొంతంగా ఇంప్లిమెంట్ చేసుకున్న పాత లైబ్రరీల కోడ్ కొత్త జావాతో కంపైల్ అవడం మానేసింది. మీ ఇంటర్‌ఫేస్ మీ ప్రాజెక్ట్‌లోపలే ఉంటే ఈ భయం అక్కర్లేదు, ఎడిటర్‌లో రీఫ్యాక్టర్ బటన్ నొక్కితే సరిపోతుంది. వేరే టీమ్ వాడే లైబ్రరీలో పెడుతుంటే మాత్రం వీలైనంత చిన్నగా ఉంచండి. మెథడ్ చేర్చడం కష్టం, తీసేయడం ఇంకా కష్టం.

అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌తో తేడా అడిగారు. కొన్ని మెథడ్స్‌కి బాడీ రాయకుండా పిల్ల క్లాసులకి వదిలేయగల క్లాస్ అది. డీఫాల్ట్ మెథడ్స్ వచ్చాక మిగిలిన అసలు తేడా స్థితి. ఆబ్జెక్ట్ తన దగ్గర దాచుకునే ఫీల్డ్స్ ఇంటర్‌ఫేస్‌లో ఉండవు, అక్కడ రాసే ప్రతి ఫీల్డ్ స్టాటిక్ ఫైనల్ అవుతుంది. కన్‌స్ట్రక్టర్ కూడా ఉండదు. అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌లో అవన్నీ ఉంటాయి, కానీ ఒక క్లాస్‌కి ఒక్క పేరెంటే. ఒకదాని బదులు ఒకటి ఎంచుకోవాలన్నట్టు అడుగుతారు గానీ రెండూ కలిసి బాగా పని చేస్తాయి. లిస్ట్ ఇంటర్‌ఫేస్‌లో బోలెడన్ని మెథడ్స్ ఉన్నాయి. అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌ని పేరెంట్‌గా తీసుకుంటే గెట్, సైజ్ అన్న రెండు మెథడ్స్ రాస్తే చాలు, చదవడానికి మాత్రమే వీలయ్యే లిస్ట్ తయారవుతుంది. వాడేవాళ్లకి ఇంటర్‌ఫేస్ చూపిస్తారు, రాసేవాళ్లకి అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ సాయం చేస్తుంది. రెండు ఇంటర్‌ఫేస్‌ల నుంచి ఒకే డీఫాల్ట్ మెథడ్ వస్తే ఏమవుతుందని ఇంటర్వ్యూలో అడిగితే: మీ క్లాస్‌లో ఏది కావాలో మీరే రాయాలి, లేకపోతే కంపైల్ కాదు.

ఇక మీ లీడ్ చెప్పిన నియమం. దాని వెనక చరిత్ర ఉంది. జావాలో రన్‌టైమ్‌లో పుట్టించే డైనమిక్ ప్రాక్సీలు (అసలు ఆబ్జెక్ట్ ముందు నిలబడి పిలుపుల్ని అందుకునే ఆబ్జెక్ట్‌లు) ఇంటర్‌ఫేస్‌ల మీదే పని చేస్తాయి. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్‌లో ట్రాన్సాక్షన్లు, సెక్యూరిటీ లాంటివి ఆ ప్రాక్సీల ద్వారా నడిచేవి, కాబట్టి ప్రతి సర్వీస్‌కీ ఇంటర్‌ఫేస్ రాయడం అప్పట్లో అలవాటైంది. క్లాస్ మీదే ప్రాక్సీ చేసే దారి తర్వాత బలపడింది, 2018లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 2 నుంచి మామూలుగా అదే వాడుతున్నారు. కారణం పోయింది, అలవాటు మిగిలింది. మీ లీడ్‌తో మాట్లాడేటప్పుడు దీన్నే ప్రశ్నగా అడగండి: “సార్, ఈ క్లాస్‌కి ఇంటర్‌ఫేస్ మనకి ఏ ఫ్రేమ్‌వర్క్ కోసం కావాలి?” పాత స్ప్రింగ్ వెర్షన్ అయితే నిజంగానే కావాల్సి రావచ్చు. లేదా ఆ మాడ్యూల్‌ని వేరే టీమ్ వాడబోతుండవచ్చు. కారణం ఉంటే మీకు తెలుస్తుంది, లేకపోతే ఆయనకీ ఆలోచించే అవకాశం దొరుకుతుంది.

పేరు కూడా ఒక గుర్తు. ఇంటర్‌ఫేస్ వెనకున్న క్లాస్‌కి ‘ఇంప్ల్’ తప్ప ఇంకో పేరు తట్టడం లేదంటే, రెండో రకం ఎలా ఉంటుందో మీ ఊహలో కూడా లేదన్నమాట. ఎస్ఎంఎస్_కబురు, వాట్సాప్_కబురు, టెస్ట్_కబురు అని పేర్లు వాటంతట అవే వస్తుంటే అక్కడ ఇంటర్‌ఫేస్‌కి చోటుంది.

ఇంకొక చిన్న ఉదాహరణ, టైమ్. ఇప్పుడు టైమ్ ఎంత అని కోడ్ మధ్యలో నేరుగా అడిగితే, “అపాయింట్‌మెంట్‌కి 24 గంటల ముందు” అన్న నియమాన్ని టెస్ట్ చేయడం నరకం. జావా 8లో దీనికోసం క్లాక్ ఇచ్చారు, అది అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. ఇప్పటి క్షణం మాత్రమే కావాల్సినవాళ్లు కూడా టైమ్‌జోన్ మెథడ్స్‌తో సహా మోయాల్సి వచ్చేది. 2021లో జావా 17తో ఇన్‌స్టంట్‌సోర్స్ అని చిన్న ఇంటర్‌ఫేస్ చేర్చారు, తప్పక రాయాల్సింది అందులో ఒక్క మెథడే, క్లాక్ ఇప్పుడు దాన్ని ఇంప్లిమెంట్ చేస్తుంది. భాషని తయారుచేసేవాళ్లే ఏడేళ్ల తర్వాత ‘పిలిచేవాళ్లకి కావాల్సింది ఇంతే కదా’ అన్న చోటికి వచ్చారు.

మీరు చెప్పిన రెండు క్లాసుల విషయంలో నేనైతే ఇలా చేస్తాను. రిపోర్ట్‌సర్వీస్ లెక్కలు వేసి ఫలితం ఇస్తుంది, బయటి ప్రపంచంతో దానికి పని లేదు, ఒక్క రకమే ఉంది. దాని ఇంటర్‌ఫేస్ తీసేసి మామూలు క్లాస్‌గా ఉంచుతాను. రేపు రెండో రకం వస్తే ఆ రోజు ఎడిటర్ సాయంతో ఇంటర్‌ఫేస్ విడదీయడం పది నిమిషాల పని. మెయిల్‌సర్వీస్‌కి ఇంటర్‌ఫేస్ ఉంచుతాను, కానీ మొత్తం మార్చి రాస్తాను. ఇప్పుడు అందులో అడ్రస్, సబ్జెక్ట్, బాడీ, అటాచ్‌మెంట్ అని ఉన్నాయన్నారు. దాన్ని పిలుస్తున్న చోట్లన్నీ వెతికి ఒక కాగితం మీద రాయండి, ప్రతి చోటా ఎవరికి ఏం చెప్పాలనుకుంటున్నారో ఒక్కో వాక్యంలో. “కస్టమర్‌కి ఇన్‌వాయిస్ చేరాలి”, “మేనేజర్‌కి నెల రిపోర్ట్ చేరాలి”. ఆ వాక్యాల నుంచే మెథడ్స్ పుడతాయి. అలా రాసిన ఇంటర్‌ఫేస్‌ని ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.